బండి మీదా, మనిషి మీదా?

వదినకి,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా కారు ఒక్కటే బాగాలేదు. బస్టాండు ఎంక్వైరీ కౌంటర్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా "ఎప్పుడొస్తుంది, ఎక్కడిదాకా వచ్చింది" అనేవాళ్ళకు జవాబు చెప్పి చెప్పి, ఇంటికొచ్చాక మీరు ఫోన్ వంక కూడా చూడరని తెలుసు. అందుకే ఈ ఉత్తరం. నిజానికి ఫోనైతే నేనే చెప్పలేను. మాట మధ్యలో గొంతు పూడుకుపోతుంది, మీరు "ఏమైంది, ఏమైంది" అంటారు, నేను "ఏం లేదు, జలుబు" అని పెట్టేస్తాను. కాగితం మీద జలుబు చెయ్యదు.

విషయం వినడానికి చిన్నదే. బ్రేక్‌డౌన్ కవర్ తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. అదే, దారిలో కారు ఆగిపోతే ఫోన్ చేయగానే మెకానిక్కునో, లాక్కెళ్ళే బండినో పంపిస్తారే, ఆ పాలసీ. "ఓస్, ఇంతేనా, దీనికి ఉత్తరం కూడానా" అనకండి. నేను తీసుకునేది కారు కోసం కాదు. ఇక మీదట నా కారు ఎక్కడ ఆగినా, ఎండలో ఆగినా వానలో ఆగినా, మీ తమ్ముడికి ఫోన్ చేసి రమ్మని అడగకూడదని. మీ తమ్ముడి మీద మీకే ఫిర్యాదు చేస్తున్నానని కోపం వద్దు. ఇంకెవరికి చెప్పుకోను?

నా పని మీకు తెలిసిందే, ఊళ్ళ బడులకు వెళ్ళి పిల్లల చెవులు పరీక్ష చేయడం. కానీ అది ఎలా ఉంటుందో మీరెప్పుడూ చూడలేదు. మీ తమ్ముడూ చూడలేదు. కారు వెనక సీట్లు మడిచేసి మడత గది పలకలు, పరీక్ష పెట్టె ఎక్కిస్తాను. బడిలో ఏదో ఒక మూల ఆ పలకలు నిలబెట్టి కొక్కేలు బిగిస్తే అద్దం కిటికీతో ఒక మనిషి పట్టే గది అవుతుంది, బయటి గోల లోపలికి రాదు. అందులో పిల్లల్ని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి, 'కూ' అని వినపడినప్పుడల్లా చెయ్యెత్తమంటాను. కొందరు వినపడకపోయినా నా మొహం చూసి ఎత్తేస్తారు, నన్ను సంతోషపెట్టాలని. అందుకని నేను పక్కకు తిరిగి కూర్చుంటాను. ఎత్తని చెయ్యి కోసం నేను అంత దూరం వెళ్ళేది. వినపడదని తేలితే చెవి మిషను వస్తుంది. తేలకపోతే ఆ బిడ్డ మొండిదనో, మొద్దుదనో పేరు పడిపోతుంది.

కొండ దారిలోని బడులన్నీ నావే. ఆఫీసులో ఇంకెవరూ ఆ వైపు తొంగిచూడరు. పిల్లల్నే పట్నం ఆస్పత్రికి రమ్మనొచ్చు కదా అంటారు మీ తమ్ముడు. రారు వదినా. ఒక రోజు పని మానుకుని, రెండు బస్సులు మారి, బయటికి ఏ దెబ్బా కనిపించని బిడ్డను ఎవరు తీసుకొస్తారు?

ఇక మీ తమ్ముడి సంగతి. ఆయన మంచివారు కాదని నేనంటే నా కళ్ళు పోతాయి. సోఫాలకు బట్టలు మార్చే పనిలో తలమునకలుగా ఉన్నా సరే, ఎవరి బండి ఎక్కడ ఆగిందన్నా సుత్తి పక్కన పడేసి షాపు వ్యాన్ తీస్తారు. "వచ్చేస్తున్నా" అని ఫోన్లో ఆయన అనే తీరుకే సగం ధైర్యం వస్తుంది అవతలివాళ్ళకి. ఇప్పుడు చుట్టుపక్కల అందరూ ఆయన్ని పిలిచేది ఆ పేరుతోనే, 'వచ్చేస్తున్నా గారు' అని. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. కాకపోతే పరాయివాళ్ళను కాపాడితే ఒక కప్పు టీతో సరి. నన్ను కాపాడితే మాత్రం ఆ కథ ఏడాది పొడుగునా నడుస్తుంది, గోరంత పంక్చరు కొండంత ప్రమాదం అవుతుంది, చివర్లో ప్రతిసారీ ఒకే మాట: "అందుకే చెప్తున్నా, ఆ దూరాలు మానెయ్యి, ఊళ్ళో క్లినిక్కులో చేరు."

నిరుడు దసరా సెలవులయ్యాక కొండ మొదట్లో కారు ఆగిపోయింది. ఫోన్ చేశాను. "వచ్చేస్తున్నా" అన్నారు. మళ్ళీ చేశాను. "వచ్చేస్తున్నా." కారు లోపల పొయ్యిలా ఉంటే బయటకొచ్చి కారు నీడలో కూర్చున్నాను. ఆ నీడ జరుగుతూ ఉంటే దానితోపాటు నేనూ జరిగాను. పాపం షాపులో ఎంత పని మీద ఉన్నారో, ఏ ట్రాఫిక్కులో ఇరుక్కున్నారో అని నేనే జాలిపడ్డాను కూడా. ఆయన వచ్చి, కారు కదిలి, బడికి చేరేసరికి గంట కొట్టేశారు. వాకిట్లో వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. "ఒకామె కూతుర్ని పెట్టుకుని ఇందాకటిదాకా ఇక్కడే కూర్చుందమ్మా" అన్నాడు.

మొన్న ఆదివారం ఇంటికి నలుగురు వచ్చారు. షాపులో ఆయన భాగస్వామి, వాళ్ళావిడ, పక్కింటి దంపతులు. మాటల్లో నా కారు ప్రస్తావన వచ్చింది, మీ తమ్ముడు ఆ కథ అందుకున్నారు. అందుకుని, నవ్వుతూ అన్నారు: "ఆ రోజు నేను కావాలనే తాపీగా వెళ్ళా. ఒక టీ తాగా, ఇంకో టీ తాగా. కాసేపు ఎండలో కూర్చుంటే ఆ దూరాల పిచ్చి అదే వదుల్తుందని!" అందరూ పడీపడీ నవ్వారు. నేను గ్లాసుల్లో నీళ్ళు పోస్తున్నాను. నేనూ నవ్వాను వదినా. ఆయన అన్న మాట కంటే ఆ నవ్వే నన్ను ఎక్కువ కాల్చేస్తోంది. ఒక్క చుక్క నీళ్ళు ఒలకలేదు, అంత బాగా నవ్వాను.

మా ఆఫీసు పెద్ద డాక్టరమ్మ పోయిన వారం పిలిచి ఖరాఖండిగా చెప్పేసింది. ఈ ఏడాది ఇంకొక్క బడి తప్పినా కొండ బడుల పర్యటన ఎత్తేసి, పిల్లల్నే పట్నానికి పిలుస్తారట. అంటే ఎవరూ రారన్నమాట. నేను ఆ బడులు వదలను. ఎవరి మీదా ఆధారపడకుండా వెళ్ళి వస్తాను.

ఆ రోజు ఎదురుచూసిన పాప సంగతి మీ తమ్ముడికి ఇంతవరకూ చెప్పలేదు. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఎందుకు చెప్పడం లేదో నాకే సరిగా తెలియదు.

ఏ పాలసీ తీసుకోవాలో నాకు అంతుపట్టడం లేదు. మీరు బండ్ల మధ్య బతికే మనిషి. ఏం అడగాలో చెప్పండి.

ఉంటాను,
మీ మరదలు

*

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం కౌంటర్లోనే విప్పాను. ఒకాయన వచ్చి బస్సు ఎప్పుడని అడిగితే "ఉండవయ్యా, ఇక్కడ మా తమ్ముడి బండారం బయటపడుతోంది" అన్నాను. పాపం ఆయన బస్సు సంగతి మరిచిపోయి అద్దానికి అతుక్కుపోయాడు, తర్వాత ఏమైందో చెప్తానేమోనని.

వాణ్ణి చంకనేసుకుని పెంచినదాన్ని. వాడి తరఫున ఒక్క మాట కూడా రాయను. రెండు టీలు తాగాడా? ఈసారి నా ఇంటికొస్తే ఒక్కటి కూడా దొరకదు. నువ్వు నవ్వానని అంత కుమిలిపోకు. నలుగురిలో మొగుడు పరువు తీస్తే ఆడది చేసే పని అదే, నేనూ చేశాను, మీ అన్నయ్యగారు బతికున్నంతకాలం చేశాను. ఇప్పుడు చేయనవసరం లేదని సంతోషించాలో ఏడవాలో తెలియక బస్సుల టైములు చెప్పుకుంటూ కూర్చున్నాను.

పేరుకు ఆడపడుచుని, బుద్ధి మాత్రం కౌంటరుదే. కాబట్టి విను. ఎవరైనా "బయల్దేరింది" అంటే నమ్మకు. డిపోలో టైరుకు గాలి కొడుతున్నా బయల్దేరినట్టే చెప్తారు. "ఇప్పుడు ఎక్కడుంది, దాటిన ఊరు పేరు చెప్పు" అని అడుగు. అబద్ధమైతే ఊరి పేరు దగ్గర నీళ్ళు నములుతారు. కొండ వైపు ఆ కంపెనీ తరఫున లాగే బండి ఎవరిదో కనుక్కుని, ఆ మనిషితోనే మాట్లాడు. తియ్యగా మాట్లాడే అమ్మాయి వచ్చి నీ కారు లాగదు.

ఇంకోటి. కారును ఎక్కడికి తీసుకెళ్తారని అందరూ అడుగుతారు. నువ్వు, నన్నెక్కడికి తీసుకెళ్తారని అడుగు. మా దగ్గర బస్సు చెడితే పరుగున వెళ్ళి బస్సును డిపోకు లాక్కొస్తారు. ప్రయాణికులు రోడ్డు మీదే ఉంటారు. తర్వాత నా కౌంటరు దగ్గరికొచ్చి నన్ను దులిపేసేది ఆ బస్సు కాదు కదా!

ఆఖరి మాట. వాడికి చెప్పి కొను. దాచి కొన్నావంటే దొంగతనంగా బతుకుతున్నట్టుంటుంది, నీకెందుకా ఖర్మ? పాప సంగతి కూడా చెప్పెయ్. అది నీ ఒక్కదాని గుండెల్లో ఉండాల్సిన బరువు కాదు.

నీ పక్షాన ఉన్న ఆడపడుచు,
వదిన

*

వదినా,

మీరు చెప్పినవన్నీ చేశాను, ఒక్కటి తప్ప. అది కూడా నిన్నటితో తీరిపోయింది, కాకపోతే నేను చెప్పలేదు. అక్కడిదాకా రానివ్వండి, వరసగా రాస్తేనే నాకూ అర్థమవుతుంది.

పాలసీ వేట పెళ్ళి సంబంధాల వేట కంటే కష్టమని తేలింది. అన్నీ బాగానే ఉన్నట్టుంటాయి, ఏదో ఒక వంక చివర్లో బయటపడుతుంది. మొదటి కంపెనీ అమ్మాయి గొంతు తేనెలా ఉంది. "ఎప్పుడు పిలిచినా మీ వెంటే ఉంటాం మేడమ్" అంది. కొండ దారి అన్నాక "తారు రోడ్డు ఉన్నంతవరకూ వస్తాం మేడమ్" అంది. అక్కడిదాకా కారును నేను తోసుకురావాలన్నమాట! రెండో కంపెనీ దగ్గర్లోని గ్యారేజీకి చేరుస్తామంది. "దగ్గర అంటే ఎవరికి దగ్గర?" అని అడిగితే వాళ్ళ లెక్కలో దగ్గరట. అది నేను వెళ్ళాల్సిన వైపుకు పూర్తిగా వెనక్కి. "మరి నన్ను?" అన్నాను.  ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదనుకుంటాను. "మిమ్మల్ని కూడా గ్యారేజీకే మేడమ్" అన్నాడు. నాకేం రిపేరని అడగాలనిపించింది.

మూడో కంపెనీ ఏజెంటు ఇంటికే వచ్చాడు. ప్రశ్న నేను అడుగుతాను, జవాబు మీ తమ్ముడి వైపు తిరిగి చెప్తాడు. "సార్, మేడమ్‌కి బేసిక్ చాలు సార్. పంక్చరు, బ్యాటరీ, తాళంచెవి లోపల మర్చిపోవడం, పెట్రోలు అయిపోవడం, లేడీస్‌కి వచ్చేవి ఇవే కదా సార్." టీ కప్పు అతని చేతిలోంచి తీసేసుకున్నాను. ఇంకా సగం ఉంది.

అలా మీ తమ్ముడికి తెలిసింది. తెలియాలనే ఏజెంటును ఇంటికి రమ్మన్నాను. అతను వెళ్ళాక ఆయన మొహం చూడాల్సింది వదినా, తల కొట్టేసినట్టు అయిపోయింది.

"నేనుండగా పరాయివాళ్ళను పెట్టుకుంటావా?" అన్నారు.

"మీరు ఆ రోజు రెండు టీలు తాగి వచ్చారు కాబట్టి."

"అది... నలుగురిలో సరదాకి అన్నానే!"

"సరదాకి అన్నారా, సరదాకి చేశారా?"

ఆయన వ్యాన్ తాళాలు అందుకున్నారు. "నీ మంచికే" అని గొణిగి షాపుకు వెళ్ళిపోయారు. అంతే, ఆ తర్వాత ఇద్దరం అద్దె ఇంట్లో పక్కపక్క వాటాల వాళ్ళలా మర్యాదగా మసలుకున్నాం. ఉప్పు అందించమంటే అందించారు. నేను వెనక్కి తగ్గలేదు. నాకు ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు, ఒక పని సగంలో ఉంది, పూర్తి చేయాలి అన్నట్టుంది అంతే.

నాలుగో కంపెనీలో మాట్లాడినతను నన్నే ఒక ప్రశ్న అడిగాడు: "కవర్ బండి మీద కావాలా మేడమ్, మనిషి మీద కావాలా?" తేడా చెప్పమన్నాను. బండి మీదైతే ఆ కారుకు మాత్రమే, ఎవరు నడిపినా వర్తిస్తుంది. మనిషి మీదైతే నేను ఏ బండిలో ఉన్నా నాకు వర్తిస్తుంది, ఆఫీసు జీపైనా, ఇంకొకరి కారైనా. నా కారు మెకానిక్కు దగ్గరున్నప్పుడు ఆఫీసు బండి తీసుకెళ్తుంటాను కాబట్టి రెండోదే నాకు సరిపోతుంది. పైగా బండి ఆగితే దాన్ని గ్యారేజీకి, నన్ను వెళ్ళాల్సిన చోటికి, విడివిడిగా చేరుస్తారు. మట్టి రోడ్డుకూ వస్తారు. మీరు చెప్పినట్టు కొండ వైపు వాళ్ళ మనిషి ఎవరని అడిగి, అతనికే ఫోన్ చేశాను. మొరటు గొంతు. "నా బండి మొండిది, నేను ఇంకా మొండి. రోడ్డు కొట్టుకుపోతే తప్ప వస్తానమ్మా" అన్నాడు. దాటే ఊళ్ళ పేర్లు గడగడా చెప్పేశాడు. అక్కడికక్కడే తీసేసుకున్నాను.

పాప సంగతి మాత్రం చెప్పలేదు. రెండుసార్లు మొదలుపెట్టాను కూడా.

నిన్న ఆ బడికే బయల్దేరాను. కొండ సగం ఎక్కాక క్లచ్ కాలికింద మెత్తగా కూలబడిపోయింది. కారు పక్కకు జారవిడిచి, వెనక చక్రాలకు రాళ్ళు పెట్టి, కంపెనీకి ఫోన్ చేశాను.  లాగే అతను చెప్పినట్టే వచ్చాడు. గొంతుకు తగ్గట్టే ఉన్నాడు, కానీ నా కారును బిడ్డను ఎత్తుకున్నట్టు ఎక్కించాడు. అతని వెనకే నా కోసం టాక్సీ కూడా వచ్చింది. చూశారా, నేను ఎంచుకున్నది సరైనదే అని మీకు అక్కడికక్కడే ఫోన్ చేసి చెప్పాలనిపించింది.

టాక్సీ దగ్గరికొచ్చి ఆగాక చూశాను. అది చిన్న కారు. మడత గది పలకలు దాంట్లో పట్టవు. పైన కట్టడానికి కడ్డీలు లేవు, ఇంకో పెద్ద బండి పంపమంటే పట్నం నుంచి రావాలన్నారు.

పప్పులో కాలేశాను వదినా. తారు గురించి అడిగాను, దూరం గురించి అడిగాను, బండికా మనిషికా అని అడిగాను. నా గది సంగతి అడగనే లేదు. వేరే ఎవరైనా అడిగేవారేమో, నాలాంటివాళ్ళమే అడగం. మాకు అది సామాను కాదు, మా చేతులూ కాళ్ళలాంటిది, మేమెక్కడికి వెళ్తే అదీ వస్తుందనుకుంటాం. అది లేకుండా నేను బడికి చేరినా ఒకటే, చేరకపోయినా ఒకటే. క్లాసుల గోలలో చేసే పరీక్షకు విలువ లేదు.

లాగే అతను ఓపిగ్గా నిలబడ్డాడు. "ఈ పలకలు గ్యారేజీకి పట్టుకెళ్ళి దాచమంటారా అమ్మా?" అన్నాడు. అది ఇటు, బడి అటు. బడికి ఫోన్ చేశాను, వాళ్ళ దగ్గర స్కూటరు తప్ప ఏమీ లేదు. డాక్టరమ్మ మాట చెవుల్లో మోగుతోంది. ఇంకొక్క బడి తప్పితే అన్ని బడులూ పోతాయి. పెద్ద బండి ఉన్నది, నాకు తెలిసినవాళ్ళలో, ఒక్కరికే.

ఈ జన్మలో చేయనన్న ఫోను చేశాను. ముందే నోట్లో మాటలు కూర్చుకున్నాను, ఆయన ఒక్క మాట అనకముందే అన్నీ అనేశాను: "కారు సంగతి నేను చూసుకున్నాను. నన్ను కాపాడమని పిలవట్లేదు. మడత గది బడికి చేరాలి, దానికి మీ వ్యాన్ కావాలి. ఇప్పుడే రాగలిగితే రండి. రాలేకపోతే రాలేనని చెప్పండి, ఈ రోజు పరీక్ష లేదని బడికి చెప్పేస్తాను. కానీ వచ్చేస్తున్నా అని మాత్రం అనకండి."

అటు సుత్తి కింద పెట్టిన చప్పుడు, వ్యాన్ తలుపు చప్పుడు. తర్వాత "షాపు గేటు దాటాను" అన్నారు. కాసేపటికి ఆయనే చేశారు, పెట్రోలు బంకు దాటానని. మళ్ళీ చేశారు, కొండ మొదలైందని. మీ తమ్ముడు, వదినా! నేను అడగకుండా ఊళ్ళ పేర్లు చెప్పారు. వచ్చేసరికి చొక్కాకు సోఫా గుండుసూదులు గుచ్చుకునే ఉన్నాయి. పలకలన్నీ ఆయనే ఎక్కించారు. దెప్పలేదు, పాలసీని వెక్కిరించలేదు. లాగే అతనికి నమస్కారం పెట్టారు. అతను నా కారుతో కిందికి, మేము పైకి.

బడికి మధ్యాహ్నం గంట కొట్టకముందే చేరాం. గది నిలబెట్టడం ఆయనకు చూపించాను. కొక్కేలు బిగించడంలో చెయ్యి తిరిగిన మనిషి కదా, ఒక్కసారి చూసి పట్టేశారు. తర్వాత తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఇన్నేళ్ళలో నా పని ఆయన చూడటం అదే మొదలు. ఒక బాబు వినపడని ప్రతిసారీ పక్కకు తిరిగిన నా మొహం వంక తేరిపార చూసి, చివరికి బిక్కమొహం వేసి సగం ఎత్తిన చెయ్యి దించేయడం ఆయన చూశారు. బాబు వెళ్ళాక "వాడికి వినపడట్లేదా?" అని గుసగుసగా అడిగారు. కుడి చెవి అన్నాను. "వాడికి తెలీదా?" తెలియదన్నాను. మీ తమ్ముడు గుసగుసలాడటం కూడా అదే మొదలు.

నేను పెట్టె సర్దుకుంటుంటే ఆయన వరండాలోకి వెళ్ళారు. పక్కనే చిన్నపిల్లల క్లాసు. అందులో వెనక బెంచీలో అందరికంటే పొడుగ్గా ఒక పిల్ల, రెండు చెవులకీ మిషన్లు, పలక మీద ఒంగిపోయి రాస్తోంది. నాకు తెలుసు ఆ పిల్ల ఎవరో. ఆయనకు తెలియదు. టీచరమ్మ గుమ్మంలో నిలబడి ఉంటే మామూలుగా అడిగారు, "ఈ పాపేంటమ్మా, ఇంత పెద్దది ఈ క్లాసులో ఉంది?"

టీచరమ్మ మంచి మనిషి. ఆయనెవరో ఆమెకు తెలియదు, సామాను మోసే మనిషనుకుంది. అన్నీ చెప్పేసింది. "ఒక క్లాసు వెనకబడిందండీ. మొండిది, పిలిస్తే పలకదు అనుకునేవాళ్ళం. నిరుడు పరీక్ష రోజు వాళ్ళమ్మ పని మానుకుని తీసుకొచ్చి పొద్దస్తమానం కూర్చోబెట్టింది. పాపం మేడమ్ కారు దారిలో ఆగిపోయిందట, రాలేకపోయారు. మళ్ళీ ఆర్నెల్లకి గానీ ఈ వైపు రారు కదా. అప్పటికి ఏడాది అయిపోయింది. పిల్ల తెలివైంది, అదృష్టమే లేదు. ఎవరి తప్పు ఉందండీ అందులో?"

నేను తలుపు దగ్గరే ఉన్నాను. అడ్డుపడి మాట మార్చొచ్చు. మార్చలేదు. ఆయన కదలకుండా నిలబడ్డారు. ఆ పిల్ల ఒకసారి తలెత్తి ఆయన్ని చూసి, మళ్ళీ రాసుకుంది.  ఆయన వచ్చి పలకలు ఒక్కొక్కటీ తీసి, వ్యాన్లో ఎక్కించి, దుప్పటి కప్పి, డ్రైవరు సీట్లో కూర్చున్నారు.

కొండ దిగడం మొదలుపెట్టాం. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఓదార్చాలనిపించలేదు. గెలిచాననీ అనిపించలేదు. ఆ పాప ఒక ఏడాది చిన్నపిల్లల బెంచీలో ఇరుక్కుని కూర్చుంటే అందులో ఎవరి గెలుపు ఉంటుంది?

చాలా దూరం వచ్చాక ఆయన అన్నారు, "ఆ రోజు ఒక పాప నీ కోసం ఎదురుచూస్తోందని ఒక్క మాట చెప్పి ఉంటే వచ్చేసేవాణ్ణి కదే."

నిజమే వదినా. వచ్చేసేవారు. టీ అక్కడే వదిలేసి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వచ్చేసేవారు. మీ తమ్ముడి గురించి నాకు తెలియనిదేం కాదు. ఇన్నాళ్ళూ పాప సంగతి ఎందుకు చెప్పలేకపోయానో నాకు అప్పుడు తెలిసింది.

"ఆ ఎండలో నేను ఉన్నానని తెలుసు కదండీ," అన్నాను.

వ్యాన్ పక్కకు తీసి ఆపేశారు. ఇంజన్ కట్టేశారు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని చాలాసేపు రోడ్డు వంకే చూశారు. "తెలుసు," అన్నారు చివరికి. "నువ్వున్నావని తెలిసే ఆగాను."  మొహం అటు తిప్పుకున్నారు, భుజాలు కదులుతున్నాయి. నేను ఆయన్ని ముట్టుకోలేదు. ఆ నిజం ఆయన నోటి వెంట రావాలని నాకు ఉందని, వచ్చేదాకా నాకే తెలియదు.

కవర్ అలాగే ఉంటుంది, గది పట్టే బండి పంపేట్టు ఈ రోజే మార్పించాను. కొండ బడులన్నీ నావే, వచ్చే నెల ఇంకో బడికి వెళ్తున్నాను. మీ తమ్ముణ్ణి క్షమించానా అని అడగకండి, అడిగితే ఇప్పుడే చెప్పలేను. మీరు కూడా కొన్నాళ్ళు ఆయన్ని ఏమీ అనకండి, టీ ఇవ్వండి.

నిన్న ఆ దారి పక్కన, కాసేపయ్యాక నేను దిగి అటువైపు వెళ్ళి తలుపు తీశాను. ఆయన ఏమీ అడగకుండా పక్క సీట్లోకి జరిగారు. మిగతా దారంతా వ్యాన్ నేనే నడిపాను.

మీ మరదలు